పాసింజరు బాబాయి కాళ్ళు

చుక్క చుక్కగా చల్లవే చినదానా,
మడతలో ముడతంతా పారిపోవాలా,
ఎర్రంచు చీరమ్మ ఎండ కన్నెరగదూ...

ఎండ కన్నెరగదూ... ఆ తర్వాతేంటబ్బా? తెల్లచొక్కా అని వస్తుందో, నల్లకోటు అని వస్తుందో, ఎవరిదో ఒకరి బట్ట మాత్రం వస్తుంది అందులో. నోటిదాకా వచ్చి అక్కడ ఆగిపోతోంది చూడు. చిన్నప్పుడు పొద్దస్తమానం ఇదే పాట. బట్టల మీద నీళ్ళు చల్లుతూ నేను ఒక ముక్క అంటే, ఇస్త్రీ చేస్తూ మా బాబాయి రెండో ముక్క అనేవాడు. ఆ రెండో ముక్కలే గుర్తు రావడం లేదు నాకు, అవి ఆయనవి గదా. ఏంటే ఆ చేతిలోది? వేడినీళ్ళ సంచా? వద్దమ్మా, వద్దు. అవతల పెట్టెయ్. కాళ్ళు చల్లగా ఉన్నాయంటే ఉన్నాయి, నేనేం కాదనను, మేజోళ్ళు తొడుగు చాలు. కొత్తదయితే మాత్రం ఏం, మెత్తగా ఉంటే మాత్రం ఏం, నా కాళ్ళ దగ్గరికి వేడి తేవద్దు. కోపం కాదే పిచ్చిపిల్లా, కోపమెందుకు నీ మీద? భయం. ఇంత వయసొచ్చింది, మీ తాతని సాగనంపాను, మీ అమ్మ పురుట్లో గుమ్మం బయట నిలబడ్డాను, అప్పుడు కూడా ఇంత భయపడలేదేమో. రా, ఇలా మంచం మీద కూర్చో. చెప్తే నీకే తెలుస్తుంది.

మా బాబాయి అంటే మా నాన్న తమ్ముడు. మా అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోతే నన్ను తెచ్చి పెంచింది బాబాయీ పిన్నీ. వాళ్ళకి పిల్లల్లేరు. వీధిలోకి లాండ్రీ కొట్టు, దాని వెనక మా ఇల్లు. ఇల్లంటే ఏముంది, ఒక గది, ఒక వసారా, పెరట్లో బట్టలారేసే తీగలు. తడి దుప్పట్ల మధ్యలోంచి దూరుకుంటూ వెళ్తే గానీ వంటింట్లోకి దారి దొరికేది కాదు. కొట్లో పెద్ద బల్ల, దాని మీద కంబళి, కంబళి మీద తెల్ల దుప్పటి, పక్కన ఇనప ముక్కాలి మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె. ఇప్పటి మీ కరెంటు ఇస్త్రీపెట్టెల్లా కాదు, నేను రెండు చేతులతో ఎత్తినా లేచేది కాదు అది. బాబాయి ఒంటి చేత్తో ఆడించేవాడు. వేడి చూడ్డానికి దాన్ని చెంప దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఆనించడు సుమా, ఇంత దూరంలో ఆపేవాడు. కళ్ళు మూసుకుని, ఎవరో చెవిలో రహస్యం చెప్తుంటే విన్నట్టు ఉండేవాడు. "ఇది పట్టుకి సరిపోతుంది," అనేవాడు. బొగ్గుల్ని ఇంకొంచెం విసిరి మళ్ళీ చెంప దగ్గర పెట్టి, "ఇది నూలుకి." అంతే, ఇక తిరుగుండదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క బట్ట కాల్చిన పాపాన పోలేదు నేను అని చెప్పుకునేవాడు. అది ఆయన గొప్ప. డబ్బు లేదు, మేడల్లేవు, ఆ ఒక్కటే ఉంది ఆయనకి చెప్పుకోవడానికి. నాకు నేర్పిన మొదటి మాట కూడా అదే, "అమ్మడూ, ఇస్త్రీపెట్టె వేడికి బట్ట కాలదే. ఆగితే కాలుతుంది. చెయ్యి కదులుతున్నంతసేపూ ఎంత వేడయినా భయం లేదు." నన్ను అమ్మడూ అనేవాడు. ఇప్పుడెవరూ అనరు.

పాసింజరు అని పేరెలా వచ్చిందంటావా? అది మా ఎదురు కొట్టు గడియారాల ఆయన పెట్టాడు. కంటికి భూతద్దం బిగించుకుని, గడియారాల పొట్టలు విప్పుకుని కూర్చునేవాడు, నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఉతికిన బట్టలు ఇళ్ళకి చేర్చడానికి బాబాయి మూట భుజాన వేసుకుని బయల్దేరేవాడు గదా. ఆ వీధి చివరిదాకా ఒక్క ఊపులో పోయే మనిషి, ఒక ఏడాది ఏమయిందో, మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. గాజుల కొట్టు ముందు ఆగేవాడు. కాసేపు గాజుల్ని చూసేవాడు. మళ్ళీ కొంచెం నడిచి పుస్తకాల కొట్టు ముందు ఆగేవాడు. చదవడం రాని మనిషికి పుస్తకాల కొట్టు ముందు ఏం పని చెప్పు? గడియారాల ఆయన ఇక్కణ్ణుంచే కేకేసేవాడు, "ఏమయ్యా, ఎక్స్‌ప్రెస్సు లాంటి వాడివి పాసింజరయిపోయావే! ప్రతి స్టేషన్లోనూ ఆగాల్సిందేనా?" అని. వీధి వీధంతా నవ్వేది. బాబాయి కూడా నవ్వి, "సిగ్నలు పడలేదన్నా," అనేవాడు. నేనూ నవ్వాను. చిన్నపిల్లని గదా. మా పిన్ని మాత్రం నవ్వలేదు. గాజుల కొట్టు దగ్గర ఆగుతున్నాడన్న మాట ఆమె చెవిన పడింది. ఆ కొట్టు నడిపేది మొగుడు పోయిన ఒకావిడ, మంచి కళగా ఉండేది. ఇక చూస్కో. "ఏం, గాజులు తొడిగించుకుంటున్నావా ఏంటి రోజూ? నా చేతులకి మట్టిగాజు తెచ్చిన పాపాన పోలేదు గానీ, అక్కడ గుమ్మం ముందు కొలువా?" అని పళ్ళెం ఠంగున పడేసింది. బాబాయి తలొంచుకుని తినేసి లేచాడు. నిజం చెప్పడు. పిక్కలో ఎవరో తాడేసి బిగించినట్టుంటోంది, ఆగితే గానీ అది వదలదు, ఊరికే వీధిలో ఆగితే నలుగురూ అడుగుతారు, అందుకని కొట్టు ముందు ఆగి బేరమాడేవాడిలా చూస్తున్నాను అని చెప్పొచ్చు గదా? చెప్పలేదు. మొగుడు వేరే ఆవిణ్ణి చూస్తున్నాడని ఆమె అనుకున్నా సరే, కాళ్ళు పనిచెయ్యడం లేదని మాత్రం తెలియకూడదు. అది ఏం తెలివో నాకిప్పటికీ అర్థం కాదు.

నాకెలా తెలిసిందంటే, తెల్లవారి లేచి చూస్తే ఆయన మంచం అంచున కూర్చుని కుడికాలు కిందకి వేలాడేసుకుని ఉండేవాడు. పడుకుంటే పోటు, వేలాడేస్తే కొంచెం నయం. ఆ కాలు చూసి నేను ఆశ్చర్యపోయాను. కిందకి వేలాడితే కందిపోయి ఎర్రగా, పైకెత్తి దిండు మీద పెడితే గంజి పెట్టిన బట్టలా తెల్లగా పాలిపోయేది. ఒకే కాలు, రెండు రంగులు. ఏదో గారడీ అనుకుని "మళ్ళీ ఎత్తు బాబాయ్, మళ్ళీ దించు," అని అడిగాను కూడా. ఆయన ఎత్తాడు, దించాడు. నవ్వుతూనే చేశాడు. ముట్టుకుంటే మాత్రం... ఏం చెప్పను, పెరట్లో మేం బట్టలు బాదే బండ తెల్లవారుజామున ఎలా ఉంటుంది, అలా ఉంది. మనిషి కాలు అలా ఉండకూడదు గదా. అప్పుడు గారడీ పోయి భయమొచ్చింది నాకు. పరిగెత్తి పిన్నిని లేపాను. పిన్ని వచ్చి ముట్టుకుంది. గాజుల కొట్టు సంగతి ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది, తర్వాత "ఎంతకాలంగా?" అంది. ఆయన "చలికి," అన్నాడు. ఎండాకాలమే అది.

డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన మంచివాడే, కసురుకునేవాడు గానీ మంచివాడు. పాదం పైభాగాన రెండు వేళ్ళు పెట్టి వెతికాడు, చీలమండ వెనక వెతికాడు, మోకాలి వెనక వెతికాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. "ఏం వెతుకుతున్నారండీ?" అనడిగేశాను. పిన్ని గిల్లింది. ఆయన కసురుకోలేదు, నా వేళ్ళు తీసుకుని నా పాదం మీదే పెట్టాడు. "ఇదిగో, ఇక్కడ. కొట్టుకుంటోందా?" కొట్టుకుంటోంది! పిచ్చుక పిల్లని గుప్పిట్లో పట్టుకుంటే ఎలా ఉంటుంది, అలా. గుండె ఎక్కడో పైనుంటే కాలిలో ఇదేంటి అనుకున్నాను. ఏదీ, నీ కాలు ఇలా పెట్టు. కాదు, కొంచెం ఇవతల, ఆ... ఇదిగో. చూశావా? ఎంత బాగా కొట్టుకుంటోందో నా తల్లికి. నాది వెతక్కు. వద్దు, చెయ్యి తీసెయ్. రేపు ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నావుగా, ఆయన వెతుకుతాడులే, వస్తాను, రానన్నానా? ఏం చెప్తున్నాను... ఆఁ, అలా నా పాదం మీద చూపించి, అవే వేళ్ళు తీసుకెళ్ళి బాబాయి పాదం మీద పెట్టాడు. ఏమీ లేదు. ఇక్కడా అక్కడా జరిపి చూశాను. ఏమీ లేదమ్మా. మాట్లాడుతూ ఎదురుగా కూర్చున్న మనిషికి కాలిలో ఏమీ లేదు. చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను. బాబాయి నా మొహం చూశాడు. "ఏమే, నిద్రపోతోందా?" అన్నాడు, వేళాకోళంగానే. నేను తల ఊపాను.

డాక్టరు రక్తం సంగతి నీళ్ళతో పోల్చి చెప్పాడు, మేడ మీద తొట్టి నిండుగానే ఉంది, మోటారు బాగానే ఆడుతోంది, కానీ గొట్టాల్లో పాచి పట్టి, చివరింటి కుళాయికి నీళ్ళు అందడం లేదు అని. అలా చెప్తే మాకు అర్థమయింది. సిగరెట్టు మానెయ్యమన్నాడు. ఇప్పుడు మానితే ఇంకా ఆశుంది అన్నాడు. రోజూ నడవమన్నాడు, నొప్పొచ్చేదాకా నడిచి, ఆగి, మళ్ళీ నడవమన్నాడు. పిన్ని వెంటనే "పాసింజరులాగే కదండీ," అంది, నాకు నవ్వొచ్చింది. ఇంకోటి కూడా చెప్పాడు. పాదాలకి దెబ్బ తగలనివ్వొద్దు, చెప్పుల్లేకుండా తిరగొద్దు, మరీ ముఖ్యంగా చల్లగా ఉన్నాయని వేడి తగిలించొద్దు, నిప్పు దగ్గర పెట్టొద్దు అని. ఇంటికొచ్చాక బాబాయి మిగతావన్నీ ఒప్పుకున్నాడు, ఈ ఒక్క మాట మాత్రం ఆయనకి మింగుడుపడలేదు. "మందుల సంగతి ఆయన్ని చెప్పమను, వింటాను. వేడి సంగతి నాకు చెప్తాడేంటే? చలికి ముడుచుకున్న బట్టని విప్పేది ఏది, వేడి కాదూ? నరం కూడా అంతే. ముడతపడింది, విప్పాలి. నీళ్ళు చల్లి వెచ్చబెడితే ఎంత మొండి ముడతయినా సాగుతుంది," అనేవాడు. చెప్తుంటే ఎంత నిజంలా ఉండేదో తెలుసా? రోజూ కళ్ళముందు చూస్తున్నాం గదా ముడతలు విప్పుకోవడం. పిన్ని కూడా తలూపింది. నేనయితే నమ్మేశాను.

అప్పుడు నాకు అక్షరమ్ముక్క రాదు. తర్వాతెప్పుడో మీ అమ్మ బడిలో చేరాక, దాని పలక మీద దాంతోపాటు నేనూ దిద్దుకున్నాను, ఆ సంగతి నీకు తెలుసుగా. కాళ్ళ గురించి ఎక్కడ ఏ కాగితంలో కనిపించినా ఇప్పటికీ కూడబలుక్కుని చదువుతాను. వేడి తగిలించొద్దు అన్న మాట ప్రతిదాంట్లోనూ ఉంటుంది. చదివినప్పుడల్లా వేలు దాని మీదే ఆగిపోతుంది.

సరే, వానలు మొదలయ్యాయి. తడి గాలి. బాబాయి సాయంత్రం పనయ్యాక బొగ్గులు కుమ్మరించేసి, ఖాళీ ఇస్త్రీపెట్టెని పాత తువ్వాల్లో చుట్టి, కుర్చీ ముందు కింద పెట్టుకుని దాని మీద కుడి మడమ ఆనించేవాడు. బొగ్గులు తీసేసినా ఆ ఇనుము చాలాసేపు వేడి పట్టుకుని ఉంటుంది. ముందు చెంప దగ్గర పెట్టి చూసుకునేవాడు, పట్టుబట్టకి చూసినంత జాగ్రత్తగా. "ఇది చంటిపిల్లల లాగూకి కూడా సరిపోతుంది," అని మడమ ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "అబ్బ, ప్రాణం లేచొచ్చిందే అమ్మడూ." నాకు సంతోషంగా ఉండేది. ఏదో ఒకటి పనిచేస్తోంది గదా అని.

ఆ రోజు బయట జల్లు పడుతోంది. ఇంకా వెలుతురుంది. నేను బల్ల దగ్గర నిలబడి దిండు గలీబులు మడత పెడుతున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని ఎవరిదో కోటుకి ఊడిన గుండీ కుడుతున్నాడు. మడమ కింద తువ్వాలు చుట్టిన ఇస్త్రీపెట్టె. గుండీ కుట్టే మనిషి ఎలా ఉంటాడు, కాలూ చెయ్యీ ఆడించకుండా సూది మీదే కళ్ళు పెట్టుకుని ఉంటాడు గదా, అలా ఉన్నాడు. కదల్లేదు. కాసేపటికి వాసనొచ్చింది. కాలిన వాసన. ఇస్త్రీ కొట్లో ఆ వాసనొస్తే నిప్పంటుకున్నట్టే, ఎక్కడున్నవాళ్ళు అక్కణ్ణుంచి లేచిపోతారు. బాబాయి ఒక్కసారి తలెత్తి, "అమ్మడూ! ఏం కాలుస్తున్నావే? ఎవరి బట్ట అది? తియ్యి, తియ్యి!" అని అరిచాడు. నా మీదెప్పుడూ అలా అరవలేదు. నేను హడలిపోయి బల్లంతా చూశాను, గలీబులెత్తి చూశాను, ముక్కాలి మీద చూశాను. ముక్కాలి ఖాళీగా ఉంది. "ఇస్త్రీపెట్టె నీ దగ్గరే ఉంది గదా బాబాయ్," అన్నాను.

ఇద్దరం కిందకి చూశాం.

తువ్వాలు గోధుమరంగుకి తిరిగింది. ఆయన కాలెత్తాడు. తువ్వాలు కూడా లేచొచ్చింది, మడమకి అంటుకుని. ఆయన కాలిని చూడలేదు, నన్ను చూశాడు. "నొప్పి లేదే," అన్నాడు, నాకు ధైర్యం చెప్తున్నట్టు. "అస్సలు నొప్పి లేదే అమ్మడూ." అంటూ అంటూ ఉండగానే ఆ మాటకి అర్థమేంటో ఆయనకి తెలిసొచ్చింది. మొహంలోంచి రంగంతా దిగిపోయింది, కాలెత్తినప్పుడు పాదం పాలిపోయేదే, అలా. ఒక్క బట్ట కాల్చని మనిషి. నేను దాచలేదు, పిన్నీ అని కేక పెట్టాను. దాచవే అన్నట్టు చెయ్యెత్తాడు గానీ అప్పటికే ఆమె వచ్చేసింది.

ఇక అక్కణ్ణుంచి చెప్పడానికేముంది? మనకి చెయ్యి కాలితే పొక్కుతుంది, పగులుతుంది, మానుతుంది. మానడానికి లోపల్నుంచి ఏదో వచ్చి పనిచెయ్యాలి గదా, ఆ వచ్చేదే రావడం లేదు ఆ కాలికి. డాక్టరు కసరలేదు ఈసారి. కసరకపోతేనే ఎక్కువ భయమేసింది. రోజూ కట్టు మార్చమన్నాడు, మడమ దగ్గర మొదలయిన నలుపు పాకుతోందేమో చూసుకోమన్నాడు. పిన్ని చూడలేకపోయేది, గుడ్డ విప్పగానే కళ్ళు తిరిగేవి ఆమెకి. ఆయన చూడనని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇక మిగిలింది నేను. అప్పుడు ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి లోపలి అంచు మీద గుర్తులు పెడతాం చూడు, దానికో సిరా ఉంటుంది, ఎంత ఉతికినా పోదు, పాకదు. "ఆ సిరాతో నలుపు చుట్టూ గీత గియ్యవే. రేపు చూడు, గీత లోపలే ఉందో దాటిందో తెలుస్తుంది," అన్నాడు. గీశాను. ఆయన పాదం కదల్లేదు. బల్ల మీద బట్టలాగే ఉంది.

ఆ పొద్దుల్ని నేను మర్చిపోను. లేచి మొహం కడుక్కోకముందే కట్టు విప్పాలి. విప్పుతుంటే ఆయన గోడకేసి తిరిగి, "దాటిందా?" అనేవాడు. "లేదు బాబాయ్." "ఆఁ," అనేవాడు. అంతే, ఆ రోజుకి ఇల్లంతా ఊపిరి పీల్చుకునేది. పిన్ని పెరట్లో బట్టలు బాదే చప్పుడు కూడా మారిపోయేది. సిగరెట్టు మానేశాడు, నిజంగానే మానేశాడు, సిగరెట్టు పెట్టెలన్నీ తన చేత్తోనే బొగ్గుల్లో వేశాడు. గడియారాల ఆయన వచ్చి కూర్చుని, "ఏమయ్యా పాసింజరూ, షెడ్డులో ఎన్నాళ్ళు? లైను క్లియరయింది, రా," అనేవాడు. గీత అలాగే నిలబడింది కొన్నాళ్ళు. గండం గడిచిందనుకున్నాం. ఒక పొద్దున విప్పితే గీత కనిపించలేదు. సిరా పోదు గదా, ఎక్కడికి పోతుంది? నలుపులో కలిసిపోయింది. "దాటిందా?" అన్నాడు. నేను ఇంకొంచెం వంగి చూశాను. "ఏమే?" అన్నాడు. "దాటింది బాబాయ్." "సరిగ్గా చూడవే. సిరా పాకిందేమో." "ఆ సిరా పాకదు బాబాయ్, నువ్వే చెప్పావుగా." నేను కొత్త గీత గీశాను, కొంచెం పైన. తర్వాత ఇంకా పైన. ఒక్కో గీత గీస్తుంటే, ఇంకెంత కాలుందో కళ్ళతోనే కొలుచుకునేదాన్ని. మోకాలి దగ్గరికొస్తే ఏమవుతుంది, నడుం దగ్గరికొస్తే ఏమవుతుంది, గుండె దగ్గరికొస్తే అక్కడ కూడా నేనే గీత గియ్యాలా అని. ఎవరితో చెప్పుకోను అది?

మోకాలి కింద తీసెయ్యాలన్నాడు డాక్టరు. తీస్తే మనిషి దక్కొచ్చు, తియ్యకపోతే దక్కడు అని ముక్కుసూటిగా చెప్పాడు. బాబాయి ససేమిరా అన్నాడు. "నిలబడని ఇస్త్రీవాడు ఉంటాడా ఎక్కడైనా?" అన్నాడు. గడియారాల ఆయన తన ఎత్తు కుర్చీ మోసుకొచ్చి మా బల్ల ముందు పెట్టాడు. "నేను కూర్చునే గదయ్యా బతుకుతున్నాను, నువ్వూ కూర్చో. కాలు లేకపోతే చెయ్యి లేదా?" అన్నాడు. "నీకేంలే అన్నా, గడియారం నీ అరచేతిలోకొస్తుంది. దుప్పటి రాదు. దుప్పటి చుట్టూ నేనే తిరగాలి," అన్నాడు బాబాయి. ఇద్దరూ పోట్లాడుకున్నారు, గట్టిగానే. గడియారాల ఆయన వెళ్తూ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. పిన్ని మాత్రం బతిమాలలేదు. ఏడుస్తూ కూడా తిట్టింది. "నిలబడకపోతే నేను నిలబడతాను. పెట్టె నాకియ్యి. నువ్వు పక్కన కూర్చుని వంకలు పెట్టు, అది నీకు బాగా వచ్చుగా," అంది. ఆ మర్నాడు జ్వరం పట్టుకుంది, కాలి దగ్గర్నుంచి వాసన మొదలయింది. ఎక్కడో మూల బట్ట వేడెక్కితే ముందు పసిగట్టే ముక్కు ఆయనది. ఆ వాసన ఆయనకి తెలియకుండా ఉంటుందా? "అమ్మడూ, ఇది కాలిన వాసన కాదే," అన్నాడు. "డాక్టర్ని రమ్మనండి."

ఆసుపత్రిలో పొడుగాటి వసారా, గోడలకి ఆకుపచ్చ రంగు. ఆపరేషను గది తలుపు మీద ఏదో పెద్ద అక్షరాలతో రాసుంది. అక్షరాలు రాని దాన్ని గదా, లోపలికి వెళ్ళొచ్చో వెళ్ళకూడదో అందులో రాసుంటుంది, చదవగలిగితే ధైర్యంగా ఉండేదేమో అనుకున్నాను. వానకాలం మధ్యాహ్నం, లైట్లు వేసే ఉన్నాయి. ఆయన్ని చక్రాల బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు, మత్తు లోపలికెళ్ళాకే ఇస్తామన్నారు. తల కదిలించొద్దన్నారు, గడ్డం దాకా దుప్పటి కప్పారు. ఆ దుప్పటి ముడతలు చూసి, "ఎవరే ఇస్త్రీ చేసింది దీన్ని?" అన్నాడు, నర్సుకి నవ్వాగలేదు. పిన్ని తల దగ్గర నిలబడి ఆయన నుదుటి మీద చెయ్యేసింది. డాక్టరు వచ్చి ఆమెతో, "కంగారు పడకండి. ఎడమ కాలు బాగుంది, దానికేం ఫర్వాలేదు. దాని మీద లేచి నిలబడతాడు, కర్ర ఇస్తాం," అని చెప్పి లోపలికి వెళ్ళాడు. పిన్ని నావైపు చూసి తలూపింది, విన్నావా అన్నట్టు. విన్నాను. ఆ మాట పట్టుకున్నాను నేను. కాళ్ళ వైపుకి వెళ్ళి నిలబడ్డాను. కుడి కాలు మోకాలి దాకా కట్టు చుట్టి ఉంది, దాన్ని ముట్టుకోవడానికి భయమేసింది. ఎడమ పాదాన్ని దుప్పటి కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాను. రెండు చేతులతో, గట్టిగా. ఇది మనకి ఉంటుంది, దీన్ని ఎవరూ తీసుకెళ్ళరు అనుకుంటూ, నా వేళ్ళు నొప్పెట్టేదాకా పట్టుకున్నాను. నర్సు తలుపు తీసింది. బల్ల కదిలింది. నేను వదల్లేదు, పాదం పట్టుకునే బల్లతోపాటు నడిచాను. బాబాయి కళ్ళు అటూ ఇటూ వెతికాయి, పైకప్పు వైపు, పిన్ని వైపు, గోడ వైపు. తర్వాత పెద్దగా, చీకట్లో పిలిచినట్టు పిలిచాడు.

"అమ్మడూ, ఎక్కడున్నావే? దగ్గరికి రావేం?"